తెరుచుకోని డిక్కీ... కొత్తవాడలో ఓ సస్పెన్స్ కథ!

మన సినిమాల్లో కారు డిక్కీ తెరవడం ఎంత సులువో చూశారా? విలన్ వేలు ఆడిస్తాడు. అసిస్టెంటు పరుగెడతాడు. మూత పైకి లేస్తుంది, లోపల సూట్‌కేసు! అంతా కలిపి ఒక్క షాటు. మరి అదే డిక్కీ పదకొండేళ్లుగా తెరవనిదైతే? ఆ ఒక్క షాటు ‘ఓకే’ కావడానికి వరంగల్ కొత్తవాడలో మాకు ఒక పూటంతా పట్టింది. టేకులెన్నో లెక్కపెట్టలేదు.

కారు మా మిత్రుడిది. అంటే, వాళ్ల నాన్నగారిది. 1978లో రిజిస్టరైన తెల్ల అంబాసిడర్. కొత్తవాడ అంటే జంపఖానాల పేట కదా! 2018లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న వరంగల్ దర్రీలు పుట్టేది ఇక్కడి మగ్గాల మీదే. ఆ పెద్దాయన వాటి వ్యాపారి. డిక్కీ నిండా జంపఖానాలు వేసుకుని ఊరూరా తిరిగేవారు. పదకొండేళ్ల కిందట ఆయన పోయారు. కారు షెడ్డులో నిలబడిపోయింది. ఇంజను అప్పుడప్పుడూ స్టార్ట్ చేసేవాళ్లు కానీ, డిక్కీ జోలికి ఎవరూ పోలేదు.

ఇప్పుడెందుకు పోవలసి వచ్చిందంటే, మీరు ఊహించినట్టే... సినిమా! ఎనభైల కాలపు కథతో తీస్తున్న ఓ చిత్రానికి పాత అంబాసిడర్ కావాలట. మర్నాడు ఉదయం ప్రొడక్షన్ మేనేజరు చూడటానికి వస్తున్నాడు. ఫోనులో ఆయన పెట్టిన షరతు ఒక్కటే: “డిక్కీ తెరిచే సీనుంది. డిక్కీ పనిచేయాలి.” ఆ అద్దె డబ్బుతో ఇంజను బాగు చేయించుకోవాలని మావాడి ఆశ. లేకపోతే బండిని తుక్కు కింద అమ్మేయడానికి బేరం కూడా కుదిరి ఉంది.

నేను వెళ్లేసరికి మావాడు సుత్తీ, పెద్ద స్క్రూడ్రైవరూ పట్టుకుని హీరోలా నిలబడ్డాడు. వాళ్లమ్మగారు అడ్డం నిలబడ్డారు.

“గట్ల కొట్టకు బిడ్డా! నాయిన బండి అది. పోయి ఉస్తాద్‌ను పిలుచుకరా.”

ఈ ‘గట్ల కొట్టకు’ అన్న మాటలో సెంటిమెంటే కాదు, లెక్క కూడా ఉంది. అంబాసిడర్ మూత మందమైన ఉక్కు రేకు. అంచు కింద స్క్రూడ్రైవరు దూర్చి తన్నితే రేకు ఒకసారి వంగుతుంది, మళ్లీ తిన్నగా కూర్చోదు. వానొస్తే నీళ్లన్నీ లోపలికే. కొత్త మూత కొందామంటే, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను చూసి పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తయారుచేసిన ఈ కారు ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది. ఇక పాత బళ్ల నుంచి ఊడదీసిన సామానే దిక్కు.

ఉస్తాద్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో చిన్న సంచి. వచ్చీ రాగానే ఏ పరికరమూ తీయలేదు. మూత మీద అక్కడక్కడ వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. డాక్టరు పాత్ర వేసిన ఏ నటుడూ అంత సహజంగా నటించగా నేను చూడలేదు!

“తాళంచెవి తిరుగుతలేదు ఉస్తాద్. నూనె పోస్తే?” అన్నాడు మావాడు.

“పోసినవా ఏంది?” ఉస్తాద్ కంగారుపడ్డాడు. “దుమ్ముల నూనె పోస్తే బురదైతది బేటా. సైకిల్ పంపు తే. ఒక పెన్సిల్ తే.”

పంపుతో తాళం రంధ్రంలోకి గాలి కొట్టి దుమ్ము వదిలించాడు. పెన్సిల్ ముల్లును బ్లేడుతో గీకి, ఆ నల్లటి పొడిని తాళంచెవికి పట్టించి, మెల్లగా దూర్చాడు, తీశాడు, మళ్లీ దూర్చాడు. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్. జారుడు పదార్థమే అయినా నూనెలా దుమ్మును పట్టి ఉంచదు. పావుగంటకు చెవి తిరిగింది. మావాడు ఈల వేశాడు.

తొందరపడి వేశాడులెండి. తాళం తిరిగింది కానీ పిడి కదల్లేదు.

“నువ్వు ఇటు రా సార్, బలముందా?” అని ఉస్తాద్ నన్ను పిలిచాడు. నా పని మూతను పైకి లాగడం కాదు, రెండు అరచేతులతో కిందికి నొక్కడం! తెరవాల్సినదాన్ని నొక్కడమేమిటని నాకూ అనిపించింది. లోపల గడియ నాలుక కొక్కేనికి బిగుసుకుపోయి ఉంటుంది. మనం పైకి లాగినకొద్దీ ఇంకా బిగుస్తుంది. కిందికి నొక్కితే ఆ బిగువు సడలుతుంది, అదే క్షణాన పిడి తిప్పాలి. ఇది మీ ఇంట్లో ఏ కారుకైనా పనికొచ్చే చిట్కా. నేను నొక్కాను, ఉస్తాద్ తిప్పాడు. నాలుగోసారికి లోపలెక్కడో ‘టక్’మంది.

ముగ్గురం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. మూత మాత్రం లేవలేదు.

ఇంటర్వెల్! అమ్మగారు చాయ్ తెచ్చారు.

చాయ్ తాగుతూ డిక్కీ కబుర్లే. టరాంటినో దర్శకత్వంలో వచ్చిన ‘పల్ప్ ఫిక్షన్’ (1994) చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కెమెరాను డిక్కీలో పెట్టి, పైనుంచి తొంగిచూసే నటులను చూపిస్తాడు. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో శవమున్న డిక్కీతో సహా కారు ఊబిలో మునుగుతూ మధ్యలో ఓ క్షణం ఆగుతుంది చూడండి, హంతకుడి కోసం కూడా మనం ఊపిరి బిగబడతాం! మన తెలుగులో పాత కారునే దాదాపు హీరోయిన్ను చేసిన సినిమా ‘ట్యాక్సీవాలా’ (2018). విజయ్ దేవరకొండ నడిపిన ఆ కారు కాంటెస్సా, ఇదీ హిందుస్థాన్ మోటార్స్ బిడ్డే.

ఇక్కడ ఓ చేదు నిజం కూడా చెప్పాలి. 1998 వేసవిలో అమెరికాలో ఆడుకుంటూ డిక్కీల్లో చిక్కుకుని 11 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 2001 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్ల డిక్కీల్లో, లోపలినుంచి తెరిచే పిడి తప్పనిసరి చేశారు. మన పాత బళ్లలో అలాంటిదేమీ లేదు. షెడ్డులో పాత కారుంటే పిల్లల్ని డిక్కీతో ఆడనివ్వకండి.

సరే, ఇంటర్వెల్ అయింది. అసలు విలన్ ఎవరు?

ఉస్తాద్ మూత అంచు చుట్టూ గోరుతో గీకి చూసి మావాడి వైపు తిరిగాడు. “రంగు ఎప్పుడు కొట్టిచ్చినవ్?”

మావాడు నీళ్లు నమిలాడు. సినిమావాళ్లకు నచ్చాలని క్రితం ఏడాదే రంగు వేయించాడట. డిక్కీ తెరుచుకోదు కాబట్టి మూసి ఉండగానే కొట్టేశారు. రంగు సందులోకి దిగి, మూతనూ దాని కింది రబ్బరు బీడింగునూ కలిపి అతికించేసింది. విలన్ మన హీరోయే!

“కత్తి పెడితే రబ్బరు తెగుతది, రంగు లేస్తది,” అంటూ ఉస్తాద్ వీధిలోకి చూశాడు. ఎదురింట్లో మగ్గం చప్పుడు. “ఆడ పడుగు దారం అడుగు, గట్టిది.”

జంపఖానా పడుగుకు వాడే నూలు దారం తెలుసుగా, ఏళ్ల తరబడి తొక్కుళ్లు తట్టుకునే దారం. దాన్ని నాలుగు పేటలు పేని, సబ్బు నీళ్లలో నానబెట్టి, మూత మూలన సందులోకి ఎక్కించాడు. అటు కొస మావాడు, ఇటు కొస నేను. రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ అంచు వెంబడి జరుపుకుంటూ పోవాలి. దారం రెండుసార్లు తెగింది. ఎదురింటాయన మూడోసారి దారంతో పాటు తనూ వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనకే సగం వీధి. ఎక్కడ వదిలింది, ఎక్కడ పట్టుకుంది అని తెలుసుకోవడానికి ఉస్తాద్ ఓ పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను సందులో జరుపుతూ పోయాడు.

చివరి మూల వదిలింది. ఉస్తాద్ పక్కకు జరిగి, “అమ్మా, నువ్వు ఎత్తు” అన్నాడు.

అమ్మగారు ఎత్తారు. కిర్రుమని లేచింది మూత.

సూట్‌కేసు లేదు, నిధి లేదు. స్టెప్నీ, జాకీ, చెమ్మకు అట్టకట్టిపోయిన సినిమా పాటల పుస్తకాల కట్ట. ఏ సినిమావో పేరు కూడా చదవరాలేదు, నా ప్రాణం ఉసూరుమంది! పక్కన ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఒక జంపఖానా. ఎరుపూ నీలం చారలు, ఒక అంచున కాస్త చివికింది. ఆయన ఆఖరిసారి అమ్మకానికి తీసుకెళ్లి, అమ్ముడుపోక వెనక్కి తెచ్చినదట. అమ్మగారు ఏమీ అనలేదు. తీసుకుపోయి గోడ మీద ఎండలో వేశారు.

మర్నాడు ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. డిక్కీ తెరిచాడు, వేశాడు, మళ్లీ తెరిచాడు. “సౌండ్ బాగుంది, డబ్బింగులో కలపక్కర్లేదు” అన్నాడు. రేటు కుదిరింది. వెళ్తూ వెళ్తూ గోడ మీది జంపఖానా చూశాడు.

“ఇది కూడా ఇస్తారా అమ్మా? సీన్లో డిక్కీలో పరిస్తే పీరియడ్ లుక్ వస్తుంది. అద్దె వేరే ఇస్తాం.”

“బండి తీస్కపోండ్రి బిడ్డా. అది మాత్రం ఇయ్య,” అన్నారు అమ్మగారు.