గుమ్మానికి కన్ను పెట్టేముందు

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి గంజాం మద్రాసు రాజధానినుంచి విడివడినప్పుడు, ఇల్లూ వాకిలీ విడిచిపెట్టక బరంపురంలోనే ఉండిపోయినవారి సంతానము మనలో చాలామంది. ఆనాటి ఇండ్లకు కాపలా ఎవరు? వీధి అరుగుమీద పడక కుర్చీలో తాతగారు, ఎదురింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ పిన్నిగారు, సందు మొగలో చుట్ట కాలుస్తూ ఇంకొకరు. కొత్త ముఖము కనబడితే చాలు, “ఎవరింటికి బాబూ?” అని తెలుగులో ఒకరు, ఒడియాలో ఒకరు అడిగేవారు. ఇప్పుడు ఆ అరుగులు బోసిపోయినవి. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, విశాఖపట్నం, మరికొందరు అమెరికా చేరుకున్నారు. ఇండ్లలో మిగిలినది పెద్దవారు, బీరువాలు, పట్టుచీరెలు.

అందుచేతనే మా అంకులిలో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్ళినా చూరుకిందనో గేటు స్తంభముమీదనో తెల్లని బుడిపె వంటిది ఒకటి కనబడుతున్నది. సి.సి. కెమెరా. మా ఇంటికి కూడా రెండు పెట్టించి సంవత్సరము దాటినది. అప్పటినుంచి ఆఫీసులో ఫైళ్ళ మధ్య, పెండ్లి పంక్తిలో విస్తళ్ళ ముందు, “ఎన్ని పెట్టించాలి? ఏది మంచిది?” అని మమ్ములను అడిగేవారు ఎక్కువైనారు. మేము ఇంజనీర్లము కాము, గుమాస్తాలము. అయినా తెలిసినంతవరకు, బొత్తిగా కొత్తవారికి పనికివచ్చేటట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

1942లో జర్మనీలో రాకెట్ల ప్రయోగమును దూరమునుంచి చూడడానికి ఇటువంటి ఏర్పాటు వాడారు. దానిని ఇంటి గుమ్మానికి తెచ్చినది మాత్రము ఒక స్త్రీ. న్యూయార్కులోని క్వీన్సులో కాపురమున్న మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు ఆమె. ఆమెకూ, ఎలక్ట్రానిక్సు పని తెలిసిన భర్త ఆల్బర్టుకూ డ్యూటీ వేళలు కలిసేవి కావు. రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తడితే గుండె దడదడలాడేది. ఇద్దరూ కలిసి 1966లో దరఖాస్తు పెట్టగా 1969 డిసెంబరు 2న పేటెంటు వచ్చినది. పొడుగువారికీ పొట్టివారికీ సరిపోయేటట్లు తలుపులో ఒకదానికింద ఒకటి రంధ్రాలు, వాటి వెనుక పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టెలివిజను, అవతలివారితో మాట్లాడడానికి మైకు, గడియ తీయడానికి ఒక మీట. తనకు కావలసినదేమిటో ఆవిడకు ముందే తెలుసునన్నది మేము గమనించిన సంగతి. తలుపు అవతల ఎవరున్నారో చూడాలి, అంతే. ఆవిడ కెమెరా చూసినది ఇంటి బయటికి.

మనవాళ్ళు చాలామంది దీనికి తారుమారుగా మొదలుపెడతారు. ముందు దుకాణానికి వెళ్ళి నాలుగు కెమెరాల సెట్టు బేరమాడి, ఇంటికి తెచ్చిన తరువాత “ఎక్కడ పెడదాము?” అని ఆలోచిస్తారు. నాలుగవది ఎక్కడా కుదరక హాలులో బిగిస్తారు. ఆ నాలుగవ కెమెరా సంగతి తరువాత చెబుతాము.

కెమెరా దొంగను పట్టుకోదు, ఆపదు. చూసినది గుర్తుపెట్టుకుంటుంది, అంతే. పెరటి తలుపు గొళ్ళెము వదులుగా ఉంటే ముందు వడ్రంగిని పిలవండి. గేటుదగ్గర దీపము లేకపోతే దీపము పెట్టించండి. ఆ తరువాత ఒక కాగితముమీద ఇంటి పటము గీసుకొని, మనిషి ఎటునుంచి లోపలికి రాగలడో గుర్తులు పెట్టండి. పాత బరంపురంలోని గోడకు గోడ ఆనుకున్న పొడుగాటి ఇండ్లకు వీధి గుమ్మము, పెరటి గుమ్మము రెండే దారులు. అంకులిలోవలె చుట్టూ ప్రహరీ ఉన్న ఇంటికి పక్కసందు మూడవది. చాలా ఇండ్లకు రెండు మూడు కెమెరాలకంటె అవసరము లేదు.

ఎత్తు విషయములో అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఎవరికీ అందకూడదని పన్నెండు అడుగులపైన బిగిస్తే కనబడేది ముఖము కాదు, బట్టతల. ఏడెనిమిది అడుగులు సరిపోతుంది. అద్దముమీద 2.8, 3.6, 6 అని మిల్లీమీటర్ల అంకెలుంటాయి. అంకె చిన్నదైనకొద్దీ చూపు వెడల్పు, కాని మనిషి దూరముగా చిన్నగా కనబడతాడు. వరండాకు 2.8 మంచిది. దూరముగా ఉన్న గేటుదగ్గరి ముఖము గుర్తుపట్టాలంటే 6 కావాలి. తూర్పు ముఖముగా పెట్టిన కెమెరాకు ఉదయము సూర్యుడు ఎదురుపడి మనిషి నల్లని నీడవలె కనబడతాడు. కాస్త పక్కకు తిప్పించండి. రాత్రిపూట కెమెరా తనలోనుంచి మన కంటికి దాదాపు కనబడని వెలుతురు పంపుతుంది. దగ్గరలో తెల్లగోడ గాని సన్‌షేడు అంచు గాని ఉంటే ఆ వెలుతురు తిరిగి కొట్టి బొమ్మంతా పాలుపోసినట్లవుతుంది. కెమెరా దగ్గరికి పురుగులు వస్తాయి, పురుగులకోసము సాలీడు గూడు కడుతుంది. నెలకొకసారి చీపురు పెట్టక తప్పదు. ఈ సంగతి ఏ దుకాణదారుడూ చెప్పడు.

ఇక రకాలు. తీగ ద్వారా బొమ్మను ఒక పెట్టెకు పంపేవి ఒక జాతి. పెట్టెను పాత పద్ధతిలో డి.వి.ఆర్. అని, నెట్‌వర్కు తీగ పద్ధతిలో ఎన్.వి.ఆర్. అని అంటారు. రెండవదానిలో ఒకే తీగ కరెంటునూ బొమ్మనూ మోసే సదుపాయముంటుంది. వైఫైతో నడిచే చిన్నవి ఇంకొక జాతి. “తీగ లేనిది” అన్న మాట విని మురిసిపోకండి. వాటిలో ఎక్కువ వాటికి కరెంటు తీగ కావలసిందే. అవి సాధారణముగా గోరంత కార్డులో వ్రాసుకుంటాయి. దొంగ కెమెరాను పీక్కుపోతే సాక్ష్యము కూడా వాడి జేబులోనే పోతుంది. అద్దె ఇంటివారికి, ఒక్క గుమ్మము చాలుననుకునేవారికి అవి ఫరవాలేదు. సొంత ఇంటికి తీగే మేలని మా అభిప్రాయము. పెట్టెను టెలివిజను పక్కన ప్రదర్శనకు పెట్టకండి. గాలి ఆడే అటకమీదనో, తాళము వేసే గదిలోనో ఉంచండి. తీగ అసలు రాగిదా, రాగిపూత పూసిన అల్యూమినియమా అని అడగండి. డిస్కు కూడా రాత్రింబవళ్ళు వ్రాయడానికని చేసినది కావాలి, కంప్యూటరులోనుంచి ఊడదీసిన పాతది కాదు.

ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో లెక్క మీరే వేసుకోవచ్చును. సెకనుకు ఇరవై లక్షల బిట్ల చొప్పున పంపే కెమెరా రోజుకు సుమారు 21.6 జీబీ నింపుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. ఒక టీబీ డిస్కు పదకొండు రోజులలో నిండి, పాతదానిమీద కొత్తది వ్రాసుకుంటుంది. తీర్థయాత్రకు ఇరవై రోజులు వెళ్ళేవారికి ఇది చాలదు. రెండు టీబీ అడగండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బెడద ఒకటి ఉన్నది. గోపాలపురం సముద్రము మనకు దూరము కాదు. ఉప్పుగాలికి తీగల అతుకులు తుప్పుపడతాయి. బయట పెట్టే కెమెరా డబ్బామీద ఐ.పి. 66 గాని 67 గాని ఉండాలి. అతుకులను మూతగల చిన్న పెట్టెలో పెట్టించాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురంవద్ద తీరము దాటిన తరువాత మనము ఎన్ని రోజులు చీకట్లో గడిపామో మరచిపోలేదు గదా! 2018లో తిత్లీ మళ్ళీ గుర్తుచేసినది. అంత తుపానుకు ఏ ఏర్పాటూ నిలవదు గాని, మామూలుగా గంటా రెండుగంటలు కరెంటు పోయినప్పుడు కెమెరా ఆగకూడదంటే దానిని ఇన్వర్టరుకు కలపాలి. ఇంటర్నెట్టు పెట్టెను కూడా కలపాలి. లేకపోతే ఇంట్లో రికార్డు అవుతూనే ఉంటుంది, విశాఖలో ఉన్న కొడుకు ఫోనులో మాత్రము ఏమీ కనబడదు. వాడు కంగారుపడి పదిసార్లు ఫోను చేస్తాడు. వేసవిలో ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసివేయడము మంచిది.

బిగించడానికి వచ్చే కుర్రవాళ్ళు చురుకైనవారే. పని అయిపోయి పాస్‌వర్డు పెట్టేటప్పుడు మాత్రము దగ్గర నిలబడండి. మా వీధిలో ఒకాయన అడిగితే, “మౌసా, అందరికీ ఇదే పెడుతున్నాము, మీకు గుర్తుండడానికి సులువు” అన్నాడట ఆ కుర్రవాడు. అంటే ఆ వీధి ఇండ్లన్నిటికీ ఒకే తాళపుచెవి! 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఇటువంటి మార్చని పాస్‌వర్డులు ఉన్న కెమెరాలను, రికార్డు పెట్టెలను లక్షల సంఖ్యలో లోబరచుకొని, అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టరు మొదలైన పెద్ద సంస్థల సేవలనే గంటల తరబడి స్తంభింపజేసినది. ఆ కెమెరాల యజమానులకు ఏమీ తెలియదు. కనుక కుర్రవాడు వెళ్ళిన వెంటనే మీ పాస్‌వర్డు మీరు పెట్టుకోండి. 2025 ఏప్రిల్‌నుంచి మన దేశంలో అమ్మే కెమెరాలకు భద్రతా పరీక్షలు ప్రభుత్వము తప్పనిసరి చేసినది. కొనేటప్పుడు ఆ పరీక్ష అయినదో లేదో అడిగి, బిల్లు తీసుకోండి.

ఇప్పుడు హాలులోని ఆ నాలుగవ కెమెరా.

మాకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి. భర్త పోయిన పెద్దావిడ ఒంటరిగా ఉంటున్నది. హైదరాబాదులో ఉన్న కొడుకు మంచివాడు, తల్లిమీద ప్రాణము. సెలవులకు వచ్చి హాలులో కెమెరా బిగించి వెళ్ళాడు. వారము గడిచేసరికి ఆవిడ హాలులో కూర్చోవడము మానివేసినది. వంటింట్లో పీటమీదనే భోజనము, అక్కడే జపము. మధ్యాహ్నము వచ్చి కాళ్ళు చాపుకొని కబుర్లు చెప్పే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకరొకరే రావడము తగ్గించారు. ఒకనాడు కొడుకు ఫోను చేసి, “అమ్మా, కెమెరా పాడైనదా? అంతా చీకటిగా ఉన్నది” అన్నాడు. “పాడవలేదు నాన్నా, చలేస్తుందేమోనని తువ్వాలు కప్పాను” అన్నది ఆవిడ.

మేము నవ్వుకున్నాము గాని సంగతి నవ్వులది కాదు. కొడుకు భయమూ అబద్ధము కాదు. తల్లి స్నానాలగదిలో జారిపడితే చూసేవారెవరు? కాని ఆలోచించండి. ఆ క్షణాన అతడు ఆఫీసులో పనిమీద ఉంటాడు, ఫోను చూస్తూ కూర్చోడు. స్నానాలగదిలో కెమెరా ఎట్లాగూ పెట్టలేడు. చివరకు వారు చేసిన ఏర్పాటు మాకు నచ్చినది. హాలు కెమెరాను తీసి వరండాలో, గుమ్మమువైపు చూసేటట్లు పెట్టారు. మంచము పక్కన ఒకటి, స్నానాలగదిలో చేతికి అందేటంత కింద ఒకటి తీగలేని కాలింగ్‌బెల్లు బటన్లు అమర్చి, వాటి గంట పక్కింటివారి హాలులో పెట్టారు. కోడలు ప్రతి ఉదయము ఏడు గంటలకు అత్తగారికి ఫోను చేస్తున్నది. ఆడవాళ్ళు మళ్ళీ వస్తున్నారు.

ఉమ్మడి ఇండ్లవారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ములలో ఒకరు రెండవవారి అంగీకారము లేకుండా నివాసభాగములో కెమెరాలు పెట్టిన తగవు కలకత్తా హైకోర్టుకు వెళ్ళినది. అది రెండవవారి గోప్యతకు భంగమని 2025లో కోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరము సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చడానికి నిరాకరించినది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పి ఉన్నది. పొరుగువారి విషయమూ అంతే. మీ 2.8 అద్దములో పక్కింటి నూతిగట్టు పడుతున్నదేమో చూసుకోండి. బొమ్మలో ఆ భాగమును నల్లగా మూసివేసే ఏర్పాటు చాలా పెట్టెలలో ఉన్నది. మూసిన తరువాత పక్కింటివారిని పిలిచి చూపించండి. పనిమనిషికి కూడా కెమెరా ఉన్నదని చెప్పండి. రహస్యముగా పెట్టడము మర్యాద కాదు.

ఎప్పుడైనా పోలీసులు ఫుటేజీ అడిగితే డిస్కుమీద చెరిగిపోకముందే వెంటనే నకలు తీయండి. 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము దానితోపాటు సర్టిఫికెట్టు కావాలి. స్టేషనులో చెబుతారు. పెట్టెలో తేదీ, గడియారము సరిగా లేకపోతే ఆ బొమ్మ విలువ తగ్గుతుంది. తెలియని కుర్రవాడెవడో మీ గేటుముందు ఆగినంతమాత్రాన వాడి బొమ్మను దొంగ అని వాట్సాప్‌లో పంపడము మాత్రము చేయకండి. వాడు చిరునామా వెదుక్కుంటున్న కొరియరువాడు కావచ్చును.

పని పూర్తయిన రోజు రాత్రి పదిగంటల తరువాత ఇంట్లో ఒకరిని గేటునుంచి గుమ్మముదాకా నడవమనండి. మీరు ఫోనులో చూసి ముఖము గుర్తుపట్టగలిగితేనే కుర్రవాడికి మిగిలిన డబ్బు ఇవ్వండి. పాస్‌వర్డు కాగితమును పెట్టెమీద అంటించకుండా ఇంట్లో ఇద్దరికి తెలిసిన చోట దాచండి. మాది ఎక్కడ దాచామో ఇక్కడ వ్రాయము.