పగడాలు లేని పగడాల వీధి

చెన్నపట్నం వర్తకంలో ఏ సరుకు ఏ వీధిలో దొరుకుతుందో వీధి పేరును బట్టి చెప్పడం కష్టం. కాగితం కావాలంటే ఆండర్సన్ వీధికి వెళ్లాలి. రసాయనాలకు నైనియప్ప నాయకన్ వీధి, టోకు జవుళికి గోడౌన్ వీధి. వీధి పేరు ఎవరో ఒక దొరదో, నాయకునిదో అయి ఉంటుంది. సరుకు వేరే ఉంటుంది. సరుకు పేరునే తన పేరుగా పెట్టుకున్న వీధి ఒకటి ముత్యాలపేటలో ఉంది. ఇంగ్లీషులో కోరల్ మర్చంట్ స్ట్రీట్, తమిళంలో పవళక్కార తెరువు, అనగా పగడాల వర్తకుల వీధి. పేరు చూసి పగడాల కోసం వెళ్లినవారికి మాత్రం అక్కడ పగడాల బజారు కనిపించదు. ఆ వర్తకులు దుకాణాలు కట్టేసి రెండు వందల ఏళ్లు దాటింది.

వారు ఎందుకు వచ్చారు, ఎందుకు పోయారు అన్నది నేటి వర్తకులకు కూడా పనికివచ్చే లెక్క.

పగడం మన సముద్రపు సరుకు కాదు. ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో పుడుతుంది. సార్డీనియా, కోర్సికా దీవుల చుట్టుపక్కల, ఆఫ్రికా ఉత్తర తీరాన తీసిన పగడం ఇటలీలోని లివోర్నో రేవుకు చేరేది. అక్కడ దాన్ని కోసి, సానపట్టి, పూసలుగా గుచ్చేవారు. గిరాకీ అంతా తూర్పున ఉండేది. నవరత్నాలలో ఒకటి కావడం, మన ఆడవారు మంగళసూత్రంలో నల్లపూసలతో పాటు గుచ్చుకోవడం ఇందుకు కారణం. ఐరోపాలో అంత ధర పలకని సరుకుకు దక్షిణాదిన ఏటా పెళ్లిళ్ల కాలంలో ఖాయమైన కొనుబడి ఉండేది.

కాని పగడం ఒక్కటే అమ్మి లాభపడదామని ఎవరూ మద్రాసు రాలేదు. అసలు కిటుకు తిరుగు సరుకులో ఉంది. గోల్కొండ రాజ్యంలోని కృష్ణా తీరపు గనులలో దొరికే వజ్రాలు ఆనాడు లోకానికంతటికీ ఆధారం. ఈస్టిండియా కంపెనీ 1660ల తర్వాత వజ్రాల వర్తకాన్ని పూర్తిగా తన చేతిలో ఉంచుకోక, రుసుము తీసుకుని ప్రైవేటు వర్తకులకు వదిలింది. లండన్‌లోని యూదు వర్తకులు ఈ అవకాశాన్ని అందుకున్నారు. వీరి పూర్వులు స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమివేయబడినవారు. లివోర్నోలో, ఆంస్టర్‌డాంలో, లండన్‌లో వీరికి బంధువులే ఆసాములు. లివోర్నో పగడం లండన్‌కు, అక్కడినుంచి కంపెనీ ఓడలో మద్రాసుకు. మద్రాసు వజ్రం అదే దారిన వెనక్కి. ఓడ ప్రయాణం ఒక్కో వైపు ఆరు నెలలకు తగ్గేది కాదు. పెట్టుబడి తిరిగి చేతికి రావడానికి రెండేళ్లు పట్టినా, రెండు వైపులా లాభం ఉన్న బేరం కనుక నిలదొక్కుకుంది. ఒక వైపు ఖాళీ ఓడ నడిపితే గిట్టుబాటు కాదని లారీ సరుకు వేసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మద్రాసులో ఈ వర్తకుల పలుకుబడి ఎంతటిదో 1688లో ఏర్పడిన నగరపాలక సంస్థ జాబితా చెబుతుంది. ఆల్డర్మన్లు పన్నెండు మందిలో ముగ్గురు యూదు వజ్రాల వర్తకులు: బార్తొలోమ్యూ రోడ్రిగ్స్, డొమింగో ద పోర్టో, అల్వారో ద ఫొన్సెకా. అదే జాబితాలో చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న అనే పేర్లు కూడా ఉన్నాయి. వీరిలో వెంకటాద్రి కంపెనీకి ప్రధాన వర్తకుడైన బేరి తిమ్మన్నకు సోదరుడు. తెలుగు వర్తకుల సహాయం లేకుండా గనుల నుంచి రాయి కోటకు వచ్చే మార్గం లేదు.

గని దగ్గరి బేరం ఎలా ఉండేదో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. మాట లేదు. నడుముకట్టు కింద చేతులు కలుపుతారు. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, అయిదు వేళ్లు పట్టుకుంటే అయిదు వందలు, ఒక వేలు పట్టుకుంటే వంద, నడిమి కణుపు దాకా పట్టుకుంటే యాభై, కొన పట్టుకుంటే పది. చుట్టూ జనం ఉన్నా ధర రెండో మనిషికి తెలియదు. ప్రతి కొనుగోలుపైనా రాజుకు నూటికి రెండు చెల్లించాలి. తువ్వాలు కింద వేళ్లు పట్టి పశువుల బేరం చేసిన పెద్దలు ఇది చదివి నవ్వుకోవచ్చు. మార్కెట్ సెస్సు కూడా కొత్తది కాదు.

తూకం కూడా మనదే. ఇంగ్లీషు రికార్డులలో ‘మంగెలిన్’ అని కనిపించేది తెలుగు మంజాళి. ఒక క్యారెట్టుకు పైన, ఒకటిన్నరకు లోపు తూగుతుంది. ఈ మంజాళి లెక్కలోనే మద్రాసు చరిత్రలోకెల్లా పెద్ద వజ్రపు బేరం జరిగింది. గవర్నరు థామస్ పిట్ వద్దకు జమ్‌చంద్ అనే పేరున్న వజ్రాల వర్తకుడు 305 మంజాళుల ముడి రాయి తెచ్చాడు. అంటే 410 క్యారెట్లు. అడిగిన ధర రెండు లక్షల వరహాలు. బేరం సాగి సాగి చివరకు 48,000 వరహాలకు తెగింది. ఇంగ్లీషు లెక్కన 20,400 పౌనులు. రెండేళ్లు సానపట్టగా 141 క్యారెట్లు నిలిచింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని 1,35,000 పౌనులకు కొన్నాడు. నేడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రాయిని పిట్ బలవంతంగా లాక్కున్నాడని పుకారు పుట్టడంతో, 1710లో ఆయన బేరమంతా పూసగుచ్చినట్టు రాసి సంతకం పెట్టవలసి వచ్చింది. గవర్నరంతటివాడికి కూడా చిట్టా లేని బేరం మెడకు చుట్టుకుందన్నమాట.

ఇంత వైభవం కూలడానికి పగడం కారణం కాదు. పగడానికి గిరాకీ తగ్గలేదు. తిరుగు సరుకుకు దెబ్బ తగిలింది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. 1730లలో ఐరోపా విపణిలో ధరలు పడిపోయాయి. బ్రెజిల్ రాయి అసలు బ్రెజిల్‌ది కాదనీ, ఇండియాలో పనికిరానిదాన్ని గోవా మీదుగా అక్కడికి పంపుతున్నారనీ పాత వర్తకులు ప్రచారం చేశారు. మన చేతిలో నిలవ ఉన్న సరుకు ధర నిలబెట్టడానికి ఇటువంటి మాటలు ఏ బజారులో పుట్టలేదు? కాని పుకారుతో ధర ఎన్నాళ్లు నిలుస్తుంది!

మద్రాసులో పరిస్థితి ఇందుకు తలకిందులు. ఇక్కడ సంపాదించిన సొమ్మును స్వదేశానికి చేర్చుకోవాలనుకున్న కంపెనీ ఉద్యోగులు సులువైన దారి అని వజ్రాలు కొనసాగారు. వారికి లాభం అక్కరలేదు, సొమ్ము చేరితే చాలు. వర్తకం కోసం కొనేవాడు అటువంటి వారితో ధరలో పోటీ పడలేడు. కొనే చోట ధర ఎక్కువ, అమ్మే చోట తక్కువ. పగడాల వర్తకుల లెక్క అక్కడ తప్పింది. 18వ శతాబ్దం ముగిసేసరికి వీధిలో వారి పేరు తప్ప మనుషులు మిగలలేదు.

వారి ఇళ్లు, కొట్లు ఎక్కడ ఉండేవో గుర్తు పట్టే ఆనవాళ్లు ఆ వీధిలో లేవు. కోటకు ఆనుకుని ఉన్న పాత నల్లపట్నమైతే ఊరికి ఊరే పోయింది. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచివారు దానిలో కొంత కూల్చారు. 1749లో ఊరు తిరిగి ఇంగ్లీషువారి వశమయ్యాక, ఫిరంగి గుండుకు అడ్డం లేకుండా చేయడానికి మిగిలినది వారే నేలమట్టం చేశారు. తర్వాత ఆ జాగాలో హైకోర్టు లేచింది. ఇక్కడినుంచి ఇవతలికి ఇళ్లు కట్టరాదని పాతిన ఆరు హద్దు స్తంభాలలో ఒకటి నేటికీ ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ వద్ద ఉంది. దాని మీద తేదీ 1773 జనవరి 1. రోజూ ఆ మూల దాటే దలాలీలలో దాన్ని నిలబడి చదివినవారు తక్కువే ఉంటారు.

మనుషుల ఆనవాలు సమాధులలో మిగిలింది. గోల్కొండ గనులకు బయలుదేరి జబ్బుపడిన జాక్ ద పైవా అనే వజ్రాల వర్తకుడు 1687లో మద్రాసులో మరణించాడు. గోల్కొండ ఔరంగజేబు వశమైనది కూడా ఆ ఏడే. రోడ్రిగ్స్ 1692లో పోయాడు. మింట్ వీధిలోని యూదుల శ్మశానం పట్నానికి అడ్డు వచ్చింది. దాని రాళ్లు తర్వాత వేరే చోటికి, చివరకు లాయిడ్స్ రోడ్డుకు మారాయి.

ఖాళీ అయిన పగడాల వీధిలోకి నాట్టుకోట్టై చెట్టియార్లు వచ్చారు. వారి కిట్టంగులలో, అనగా లేవాదేవీ కొట్లలో, వడ్డీ లెక్కలు బర్మా బియ్యంతో ముడిపడి ఉండేవి. ఇంగ్లీషువారు 1852లో దిగువ బర్మాను ఆక్రమించాక అక్కడి వరి సాగుకు అప్పులిచ్చినది వీరే. 1930లలో ధరలు కూలి బాకీల కింద పొలాలు చేతికి వచ్చాయి. 1942లో జపాను సేనలు రావడంతో పొలాలను కూడా వదులుకోవలసి వచ్చింది. సరుకు మారినా ఈ వీధికి తగిలిన దెబ్బ రెండుసార్లూ సముద్రం అవతలినుంచే.

సమీపంలోని కొత్వాల్ చావడి సంగతి వేరు. కన్యకాపరమేశ్వరి దేవస్థానానికి చెందిన ఆ జాగాలో పట్నానికంతటికీ కూరగాయల టోకు వర్తకం జరిగేది. 1996లో వర్తకాన్ని కోయంబేడుకు మార్చారు. అక్కడ గిరాకీ పోలేదు, సరుకు పోలేదు. లారీలకు దారి చాలలేదు. కూరగాయల వర్తకుడు ఊరి చివరికి వెళ్లి మళ్లీ త్రాసు పట్టుకున్నాడు. పగడాల వర్తకుడికి వెళ్లి కొట్టు తెరవడానికి ఆ ఊళ్లో మరో వీధి లేకపోయింది.

పగడం మాత్రం ఇప్పటికీ మంగళసూత్రాలలో ఉంది. బంగారపు కొట్లలో గ్రాముల లెక్కన తూచి ఇస్తున్నారు. దానికి బదులుగా ఓడ ఎక్కే వజ్రం లేదు. పెద్ద రాళ్లకు పేరుపడిన కొల్లూరు గని, దాని పక్క పల్లె కృష్ణ మీద కట్టిన పులిచింతల జలాశయం ముంపులో ఉన్నాయి.