బిడ్డ కడుపులో రక్తము ఎటు పారుచున్నది?

చక్కగా ఆడుకొనే పిల్లవాడు ఉన్నట్టుండి రక్తము కక్కుకొంటే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. డాక్టరుగారు కడుపు నొక్కి చూచి, ఎడమ ప్రక్కటెముకల క్రింద గట్టిగా తగిలేది పెరిగిన ప్లీహమని చెబుతారు. మన పల్లెలలో దానిని బల్ల అంటారు. బల్లకు వాతలు పెట్టించినవారిని మేమెరుగుదుము. వాతల వలన పుండ్లే గాని లాభము లేదు. ఎందుకనగా తప్పు తరచుగా బల్లలో లేదు, రక్తము పారే కాలువలో ఉన్నది.

ప్రేగుల నుండి, ప్లీహము నుండి వచ్చే రక్తము పోర్టల్ సిర అనే పెద్ద సిరలో కలిసి కాలేయానికి చేరుతుంది. కాలేయానికి అందే రక్తములో సుమారు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. కొందరు పిల్లలలో ఈ సిర గడ్డ కట్టి మూసుకొనిపోతుంది. మన దేశములో పిల్లలు రక్తము కక్కుటకు ఇదొక ముఖ్య కారణము. చాలామందిలో ఎందుకు మూసుకొన్నదో తెలియదు. కొందరిలో పురిటి దినములలో బొడ్డుకు చీము పట్టుట మూలము. (బొడ్డుకు బూడిద, పేడ రాసే అలవాటు ఇంకా ఎక్కడైనా ఉంటే, దయచేసి ఈ పుట ఆ ఇంటి నాయనమ్మగారికి చదివి వినిపించండి.)

పెద్ద కాలువకు అడ్డము పడితే నీరు పిల్లకాలువలలోనికి మళ్ళుతుంది గదా! అలాగే రక్తము ఇతర సిరలలోనికి మళ్ళి, అన్నవాహిక చుట్టూ ఉన్నవి ఉబ్బుతాయి. అవి చిట్లితే రక్తము కక్కుకొంటారు. 1990ల నుండి శస్త్రవైద్యులు బిడ్డ మెడలోని సిర ముక్కను తీసి, అడ్డమును దాటించి, ప్రేగుల రక్తమును తిరిగి కాలేయములోనికి పంపుతున్నారు. అందరికీ అది కుదరదు. రక్తము ఎటు పోతున్నది, నిమిషానికి ఎంత పోతున్నది అని ముందు తెలియవలెను.

మొదట చేసేది డాప్లర్ స్కానింగు. అది చవక, మంచము దగ్గరనే చేయవచ్చును. అయితే ప్రేగులలో గాలి ఉంటే సరిగా కనబడదు. పరికరము పట్టిన కోణమును బట్టి లెక్క మారుతుంది. అక్కడ ఎం.ఆర్.ఐ. సహాయపడుతుంది. ఈ పద్ధతికి పునాది వేసినందుకు పాల్ లౌటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఒంటి నీటిలోని హైడ్రోజను కణములు అయస్కాంతములో ఒక తాళముతో తిరుగుతాయి. రక్తముతో కదిలే కణముల తాళము వాటి వేగమును బట్టి తప్పుతుంది. ఆ తేడాను మూడు దిక్కులలోను, గుండె కొట్టుకొనే కాలమంతటిలోను కొలిచే పద్ధతిని ‘ఫోర్-డి ఫ్లో’ అంటారు. వేగమును సిర అడ్డుకోత వైశాల్యముతో గుణిస్తే ఎన్ని మిల్లీలీటర్లు పారుతున్నదో తేలుతుంది. కాలువలో గడ్డిపోచ వేసి నీటి వేగము చూచే రైతుకు ఇది క్రొత్త లెక్క కాదు.

ఇందులో ఎక్స్-రే కిరణములు లేవు. చిక్కంతా కాలముతోనే, పిల్లలు కదలకుండా ఉండరు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో లస్టిగ్, డొనోహో, పాలీ అనువారు తక్కువ కొలతలతోనే పూర్తి బొమ్మ కట్టే మార్గము చూపారు. తరువాత అక్కడి పిల్లల ఆసుపత్రిలో దానిని వాడి పరీక్ష సమయమును తగ్గించారు. అయినను పసిబిడ్డలకు తరచుగా మత్తు ఇయ్యవలసివస్తుంది. ప్రతి బిడ్డకు ఈ పరీక్ష అవసరము లేదు, ప్రతి ఆసుపత్రిలోను దొరకదు. అప్పు చేసి పరుగెత్తకముందు, “దీని వలన చికిత్స మారుతుందా?” అని డాక్టరుగారిని అడగండి. అడుగుట అమర్యాద కాదు.

వరండాలో తల్లులు మమ్మును ఎక్కువగా అడిగేది ఆ గొట్టములోని చప్పుడు గురించి. చెవులకు దూది గాని, మూతలు గాని పెడతారు. వెండి మొలత్రాడు, పట్టీలు ఇంటివద్దనే తీసివేయండి. ఆకలితో ఏడుస్తున్నాడని చాటుగా బిస్కెట్టు పెట్టవద్దు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తులలోనికి పోతుంది. పైగా తిన్న తరువాత ప్రేగులకు రక్తము ఎక్కువగా పారి కొలత మారుతుంది. ఇటువంటి బిడ్డకు జ్వరము వస్తే ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ బిళ్ళలు వేయకూడదు, కడుపుకు దెబ్బ తగలనీయకూడదు. ఈ రెండు మాటలు బడి మాష్టారుగారికి, ఊరి ఆర్.ఎం.పి. గారికి కూడా చెప్పి ఉంచండి.