“నీకు వందసార్లు చెప్పాను!”



“వాటర్ బాటిల్ బ్యాగులో పెట్టుకోమని వందసార్లు చెప్పాను!” స్కూలు బస్సు వచ్చే వేళకు చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. నిజానికి చెప్పింది మూడుసార్లే కావచ్చు. అయినా ఇది అబద్ధం కాదు, అతిశయోక్తి.

ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడమే అతిశయోక్తి. హైస్కూలు తెలుగులో మీ పిల్లలు దీన్ని అర్థాలంకారాల్లో ఒకటిగా చదువుతారు. “ఆకాశాన్నంటే భవనాలు”, “తాటిచెట్టంత మనిషి” అంటూ పరీక్షల్లో ఉదాహరణలు రాస్తారు. కానీ దాన్ని ముందుగా నేర్చుకునేది ఇంట్లోనే. ఆకలేస్తే కడుపులో ఎలుకలు పరిగెత్తుతాయి. అమ్మ ఊరెళితే ఒక్క రోజు ఒక యుగంలా గడుస్తుంది.

మరి అబద్ధానికీ దీనికీ తేడా ఏమిటి? అబద్ధం చెప్పేవారు మనం నమ్మాలని కోరుకుంటారు. అతిశయోక్తిలో అలా కాదు. కడుపులో ఎలుకలు లేవని చెప్పేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. అందేది ఆకలి ఎంతుందన్న సంగతి మాత్రమే.

చిక్కంతా నమ్మడానికి వీలున్న అతిశయోక్తులతోనే. “నువ్వెప్పుడూ ఇంతే”, “నీకు లెక్కలు జన్మలో రావు” అన్నవి మనకు కోపంలో వచ్చిన మాటలు. పిల్లలు మాత్రం వాటిని నిజమనుకోవచ్చు. అందుకే జరిగినంతే చెప్పండి. “ఈ వారం రెండుసార్లు హోంవర్క్ మర్చిపోయావు”, “భిన్నాల దగ్గర తడబడుతున్నావు, కలిసి చూద్దాం” అంటే, ఏం సరిదిద్దుకోవాలో వారికి తెలుస్తుంది.

పిల్లల మాటల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. “క్లాసులో ఎవ్వరూ నాతో మాట్లాడరు” అని పాప అంటే, “గోరంతను కొండంత చేయకు” అని కొట్టిపారేయకండి. “ఈరోజు ఏం జరిగింది? ఎవరు మాట్లాడలేదు?” అని నెమ్మదిగా అడగండి. కొండ లేకపోయినా గోరంత బాధ ఉండి ఉంటుంది. అదే మాట మళ్లీ మళ్లీ వినిపిస్తే క్లాస్ టీచరుతో మాట్లాడండి.

ఈ నెల రాత్రి భోజనాల దగ్గర ఒక ఆట ఆడండి. ఆ రోజు విన్న అతిశయోక్తిని ఒకరు చెప్పాలి, దాని వెనకున్న అసలు సంగతిని మరొకరు చెప్పాలి. అమ్మానాన్నల “వందసార్లు” కూడా ఆటలో లెక్కకు వస్తాయండోయ్!