వేటకొడవలికి లొంగని శత్రువు

2021 ఫిబ్రవరి 5న ‘జాంబీ రెడ్డి’ విడుదలయ్యేనాటికి, సినిమా హాళ్లలో అన్ని సీట్లూ నింపుకోవచ్చని కేంద్రం చెప్పి వారం కూడా కాలేదు. గేటు దగ్గర శానిటైజర్ సీసా, ముఖాలకు మాస్కులు, పక్కవాడు దగ్గితే లోపల గుబులు. అలాంటి జనం ముందు, ఒకడి నుంచి ఇంకొకడికి అంటుకుంటూ పోయే రోగం కథ పెట్టి నవ్వుకోమనడానికి కాస్త తెగువ కావాలి. జనం నవ్వారు. పేరున్న హీరో లేకుండా చిన్న బడ్జెట్‌లో తీసిన సినిమా హాయిగా గట్టెక్కింది.

అలాగని లోపాల్లేని సినిమా కాదది. సెకండాఫ్ తడబడుతుంది, ఆడపాత్రలు పేరుకే ఉంటాయి, ముగింపు ఎక్కడో మొదలై ఎక్కడో తేలుతుంది. అయినా తెలుగులో జాంబీ కామెడీ అనగానే ముందు దాని పేరే వస్తుంది. తక్కువ డబ్బుతో తీసే జాంబీ సినిమాలో ఏది పనిచేస్తుంది, ఏది చేయదు అన్నది తెలుసుకోవాలంటే దానికి మించిన నమూనా మనకు లేదు.

కథ చిన్నది. హైదరాబాద్‌లో వీడియో గేములు తయారుచేసే కుర్రాడు మారియో. అతని గేములో ఏదో తేడా వస్తుంది. దాన్ని సరిచేయగల స్నేహితుడేమో పెళ్లి కోసం కర్నూలు జిల్లాలో ఒక ఫ్యాక్షన్ పల్లెకు వెళ్లి ఉంటాడు. మిత్రబృందం కారెక్కి బయలుదేరుతుంది. దారిలో ఒకడిని జాంబీ కరుస్తుంది. ఇటు పెళ్లింట్లో రెండు వర్గాల మధ్య పాత పగలు రాజుకుంటూ ఉంటాయి. కత్తులు దూసుకునే సమయానికి జబ్బు ఊరంతా పాకుతుంది. సరిగ్గా అక్కడ ఇంటర్వెల్.

ఆ ఇంటర్వెల్ కోసమే సినిమా పుట్టిందనిపిస్తుంది. ‘సమరసింహారెడ్డి’ వచ్చిన 1999 నుంచి తెలుగు ప్రేక్షకుడికి ఫ్యాక్షన్ దృశ్యం కంఠతా వచ్చు. టాటా సుమోలు వరసగా ఆగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, వేటకొడవళ్లు పట్టుకున్న మనుషులు గుంపులుగా దిగుతారు. వాళ్లకు పేర్లుండవు, పెళ్లాం పిల్లలుండరు, ప్రాణం మీద తీపి ఉండదు. హీరో కొడితే గాల్లోకి లేస్తారు, కిందపడతారు, వెనకనుంచి ఇంకో గుంపు వస్తుంది. జాంబీకి కావలసిన లక్షణాలన్నీ వాళ్లలో ఇరవై ఏళ్ల నుంచీ ఉన్నాయి. దర్శకుడు ప్రశాంత్ వర్మ వాళ్ల కళ్లకు తెల్ల లెన్సులు తగిలించాడు, అంతే. తరతరాల పగ ఒక్క కాటుతో అర్థం లేనిదైపోతుంది. ఎవరు ఎవరి మనిషో తేల్చుకునే తీరిక ఎవరికీ లేదు. మీసం మెలేసిన పెద్దమనిషి తన అనుచరుడినే చూసి పరుగెత్తాల్సి వస్తుంది.

ఈ హాస్యానికి పంచ్ డైలాగు అక్కర్లేదు. ఫ్యాక్షన్ సినిమాలు చూసిన కళ్లు ఉంటే చాలు.

హీరో ఎంపికలో కూడా ఒక కొంటెతనం ఉంది, కావాలని చేశారో లేదో గానీ. ‘ఇంద్ర’ (2002) సినిమాలో చిన్నప్పటి ఇంద్రసేనారెడ్డిగా కనిపించిన బాలనటుడే తేజ సజ్జా. ఫ్యాక్షన్ సినిమాల వైభవ కాలంలో బాల హీరోగా కనిపించిన అబ్బాయి, పెద్దయ్యాక తొలిసారి కథానాయకుడై వచ్చి ఆ సంప్రదాయాన్నే ఆటపట్టించాడు. మారియో అసలు పేరు మర్రి ఓబుల్ రెడ్డి అని తెలిసే చోట థియేటర్లో కేకలు పడ్డాయంటే ఆశ్చర్యం లేదు. సినిమా పేరు ప్రకటించినప్పుడు మాత్రం అందరూ నవ్వలేదు. కులం పేరు పక్కన జాంబీ ఏమిటని కొందరు అభ్యంతరం చెప్పారు. ఎవరినీ కించపరిచే ఉద్దేశం లేదని దర్శకుడు వివరణ ఇచ్చుకున్నాడు. చిన్న సినిమాకు ఆ గొడవే కొంత ప్రచారమైందన్నది వేరే సంగతి.

చేతిలో డబ్బు లేని దర్శకులు ప్రపంచమంతటా జాంబీల వెంట ఎందుకు పడతారో చూడాలంటే 1968కి వెళ్లాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ పరిసరాల్లో వ్యాపార ప్రకటనలు తీసుకునే జార్జ్ రొమెరో అనే యువకుడు స్నేహితులతో కలిసి ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ తీశాడు. ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. కథంతా ఒక పాత ఇంటి చుట్టూ తిరుగుతుంది. నలుపు తెలుపు సినిమా కాబట్టి రక్తం బదులు చాక్లెట్ సిరప్ సరిపోయింది. శవాలుగా నడిచింది చుట్టుపక్కల ఊళ్ల మామూలు మనుషులు. గ్రహాంతరవాసిని చూపించాలంటే బొమ్మ కావాలి, డైనోసార్‌కు కంప్యూటర్లు కావాలి. జాంబీకి చిరిగిన చొక్కా, కాస్త మేకప్, కాళ్లీడ్చుకుంటూ నడవగల మనిషి చాలు. ముందు వరసలో ఉన్న పదిమందికి శ్రద్ధగా రంగు పులిమి, వెనక వాళ్లను చీకట్లోకి నెట్టేస్తే ఊరంతా శవాలే అనిపిస్తుంది. మన జూనియర్ ఆర్టిస్టుల సరఫరాకు ఇంతకన్నా అచ్చొచ్చిన కథ దొరకదు.

భయానికి హాస్యం తోడైతే ఖర్చు ఇంకా తగ్గుతుంది. సీరియస్ సినిమాలో మేకప్ ఊడితే జనం వెక్కిరిస్తారు. కామెడీలో ఊడితే అదీ ఒక జోకే అనుకుని క్షమిస్తారు. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘ఆనందో బ్రహ్మ’ (2017) లాంటి దెయ్యాల కామెడీలు మన దగ్గర ఈ లెక్కమీదే నడిచాయి. ఒక బంగళా, ఒక దెయ్యం, నలుగురు హాస్యనటులు. జాంబీ దగ్గరికి వచ్చేసరికి చిక్కేమిటంటే, దెయ్యానికి ఉన్నట్టు దానికి ఫ్లాష్‌బ్యాక్ ఉండదు. దెయ్యం తనకు జరిగిన అన్యాయం చెప్పుకుని ఏడుస్తుంది, మనకు జాలి వేస్తుంది, సెకండాఫ్ గడిచిపోతుంది. జాంబీ మాట్లాడదు, ఏడవదు, పగబట్టదు. ఇంటర్వెల్ తర్వాత గంటసేపు దాన్ని ఏం చేయాలన్నదే ప్రతి రచయితకూ పరీక్ష.

హిందీలో ఆ పరీక్ష రాసిన తొలివాళ్లలో మనవాళ్లున్నారు. 2013 మేలో వచ్చిన ‘గో గోవా గాన్’ దర్శకులు రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే చిత్తూరు జిల్లా మూలాలున్న తెలుగువాళ్లు. ముగ్గురు పనికిమాలిన స్నేహితులు గోవా దగ్గర ఒక దీవిలో పార్టీకి వెళ్తారు, అక్కడ కొత్తరకం మత్తుమందు మింగినవాళ్లంతా జాంబీలవుతారు. రష్యన్ యాసలో మాట్లాడే మాఫియా మనిషిగా సైఫ్ అలీ ఖాన్ దిగుతాడు. ‘మన దేశంలో దెయ్యాలుంటాయి గానీ జాంబీలెక్కడివి’ అని ఆ కుర్రాళ్లు ఆశ్చర్యపోయే ధోరణిలోనే ఆ సినిమా నవ్వంతా ఉంది. చివరి అరగంటలో మాత్రం అది కూడా పరుగు, తుపాకీ, మళ్లీ పరుగుగా మిగిలిపోయింది. తమిళంలో 2016లో వచ్చి, తెలుగులో ‘యమపాశం’గా డబ్ అయిన ‘మిరుదన్’ హాస్యం జోలికి పెద్దగా పోలేదు. ఊటీలో ట్రాఫిక్ పోలీసు జాంబీలను వరసపెట్టి కాల్చుకుంటూ పోతాడు.

‘జాంబీ రెడ్డి’ అలా కాల్చలేదు. దాని ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది. ఇక్కడ జాంబీలైనవాళ్లు పెళ్లికొచ్చిన చుట్టాలు, వంటవాళ్లు, ఊరి జనం. వాళ్లు రోగులు. తెలుగు హీరో వందమంది రౌడీలను నరకొచ్చు గానీ, జ్వరంతో ఒళ్లు తెలియని పెద్దమ్మ తల నరకలేడు. అందుకే ఫైట్లలో దెబ్బలుంటాయి, చావులు లెక్కలోకి రావు. తోసేయడం, కట్టేయడం, తలుపులు వేసుకోవడం, తప్పించుకోవడం. మొదటి పోరాటంలో ఇది సరదాగానే ఉంటుంది. మూడోసారికి ఎవరికీ ఏమీ కాదని ప్రేక్షకుడికి అర్థమైపోయి, యాక్షన్ కబడ్డీ ఆటలా మారుతుంది. వీళ్లందరినీ మళ్లీ మనుషులను చేసే మందు ఏదో దొరకక తప్పదని కూడా అప్పుడే తెలిసిపోతుంది.

బ్రిటిష్ దర్శకుడు ఎడ్గార్ రైట్ తీసిన ‘షాన్ ఆఫ్ ద డెడ్’ (2004) ఈ విషయంలో చాలా కఠినమైనది. జాంబీ చావాలంటే తల పగలాలి, కాటు పడ్డవాడు తిరిగి రాడు. ఈ రెండు నియమాలనూ సినిమా ఒక్కసారి కూడా సడలించదు. హీరో తల్లిని జాంబీ కరిచినా సడలించదు. అంతసేపూ నవ్విన ప్రేక్షకుడు ఆ సీన్లో గొంతు పట్టుకుని కూర్చుంటాడు, ఆ తర్వాత వచ్చే నవ్వుకు బరువు పెరుగుతుంది. ‘జాంబీ రెడ్డి’లో నియమాలు కథ అవసరాన్ని బట్టి సాగుతాయి. దారిలో కాటు పడ్డ స్నేహితుడికి బోలెడు సమయం దొరుకుతుంది, పెళ్లింటి జనానికి దొరకదు. ఇలాంటివి గట్టిగా అడిగితే కామెడీ సినిమాకు లాజిక్కులేమిటంటారు. హాస్యానికి కావలసినంత లాజిక్కు విషాదానికి కూడా అక్కర్లేదు. అరటితొక్క మీద కాలేస్తే జారాలి. ఒకసారి జారి ఒకసారి జారకపోతే ఎవరూ నవ్వరు.

నియమాలు రాసుకోవడానికి డబ్బు ఖర్చు కాదు. జపాన్‌లో షినిచిరో ఉయెదా ఆ సంగతి నిరూపించాడు. (అతని ‘వన్ కట్ ఆఫ్ ద డెడ్’ చూడనివాళ్లు ఈ పేరా వదిలేసి, చూశాక చదువుకోవడం మేలు.) టోక్యోలో నటన, దర్శకత్వం నేర్పే ఒక సంస్థ వర్క్‌షాప్‌లో భాగంగా, ముఖాలు ఎవరికీ తెలియని నటులతో, 30 లక్షల యెన్లతో తీసిన సినిమా అది. మన డబ్బులో 20 లక్షల రూపాయలు కూడా కాదు. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్. పాడుబడ్డ భవనంలో జాంబీ సినిమా తీస్తున్న బృందం మీద నిజం జాంబీలు పడతాయి. నటన అధ్వానం, కెమెరా ఊగిపోతుంది, మధ్యలో ఎందుకో అందరూ అసందర్భంగా మాట్లాడుకుంటారు, లెన్సు మీద పడ్డ రక్తాన్ని ఎవరో తుడుస్తారు. ఇంత చెత్త సినిమా ఎలా మెచ్చుకున్నారని విసుగు పుట్టే సమయానికి కథ వెనక్కి వెళ్లి, ఆ షాట్ తీసేటప్పుడు కెమెరా వెనక జరిగిందంతా చూపిస్తుంది. తాగి పడిపోయిన నటుడు, కడుపు పట్టుకుని పరుగెత్తిన సౌండ్ మనిషి, క్రేన్ విరిగిపోతే ఒకరి భుజాలమీద ఒకరెక్కి నిలబడ్డ బృందం. ముందు లోపంగా కనిపించిన ప్రతిదానికీ ఒక కారణం, ఆ కారణానికో నవ్వు. 2018 జూన్‌లో టోక్యోలో రెండే రెండు థియేటర్లలో మొదలై, నోటిమాట మీద దేశమంతా పాకి, 300 కోట్ల యెన్లు దాటి వసూలు చేసింది. ఫ్రెంచివాళ్లు దాన్ని తిరిగి తీస్తే, ఆ రీమేక్‌తోనే 2022 కాన్ చిత్రోత్సవం మొదలైంది.

ఉయెదా తన పేదరికాన్నే కథ చేసుకున్నాడు. ప్రశాంత్ వర్మ తన పేదరికం కనపడకుండా జాగ్రత్తపడ్డాడు. అది తప్పేమీ కాదు, ‘అ!’ (2018)తో మేకప్‌కూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ జాతీయ అవార్డులు తెచ్చుకున్న దర్శకుడికి తన సినిమా ఖరీదైనదిగా కనిపించాలనే కోరిక సహజం. రాత్రి సన్నివేశాల లైటింగ్, మార్క్ కె రాబిన్ నేపథ్య సంగీతం సినిమాను దాని బడ్జెట్‌కు మించి నిలబెట్టాయి. కానీ ఆ శ్రద్ధ రాతలో అన్నిచోట్లా లేదు. వరంగల్ అమ్మాయి ఆనంది తమిళంలో ‘పరియేరుం పెరుమాళ్’ లాంటి సినిమాలో మెప్పించిన నటి. ఇక్కడ ఆమెకు దొరికింది పరుగులూ, చూపులే. మిత్రబృందంలో ఉన్న దక్ష నగార్కర్ పరిస్థితి అంతకన్నా మెరుగేం కాదు. ‘జబర్దస్త్’తో ఇంటింటికీ తెలిసిన గెటప్ శ్రీను వచ్చాక నవ్వులు జోరందుకుంటాయి గానీ, అవి జాంబీల వల్ల పుట్టినవి కావు, ఏ సినిమాలో పెట్టినా పేలే కామెడీ ట్రాక్ అది. కరోనా సంగతీ అంతే. మందు కనిపెట్టే ప్రయత్నం వికటించి జాంబీలు పుట్టాయనడానికి వాడుకుని, తర్వాత దాన్ని పక్కన పెట్టేశారు. లాక్‌డౌన్ చూసి వచ్చిన జనానికి చెప్పగల వెటకారం ఇంకెంతో మిగిలిపోయింది.

రాయలసీమ వాళ్ల పాత ఫిర్యాదు ఇంకొకటుంది: తమ నేలంటే సినిమావాళ్లకు కత్తులు, రక్తం తప్ప ఏదీ కనపడదని. ఫ్యాక్షన్ సినిమాను వెక్కిరించే సినిమా ఆ ఫిర్యాదును ఆలకించి ఉండాల్సింది. ఇందులో వెక్కిరింపు నిజమే గానీ, అదే పల్లె, అవే మీసాలు, అవే కత్తులు లేకపోతే కథకు ఆధారం లేదు. రెండు ప్రయోజనాలూ ఒకేసారి దక్కించుకుంది.

ఇక ముగింపు. సైన్సు తప్పిదంతో మొదలైన రోగం, చివర్లో గుడి దగ్గరకు చేరి దైవం వైపు మళ్లుతుంది. అంతవరకూ అన్నిటినీ ఆటపట్టించిన సినిమా హఠాత్తుగా చేతులు జోడిస్తుంది. అప్పట్లో చాలామందికి అది అతకలేదు. థియేటర్ మాత్రం ఊగింది. మూడేళ్ల తర్వాత, 2024 జనవరి 12న, అదే దర్శకుడు అదే హీరోతో ‘హను-మాన్’ తెచ్చాడు. ఆ సినిమాలో దేవుడు చివరి పది నిమిషాల కోసం ఆగలేదు. కథే అంజనాద్రి అనే ఊళ్లో ఆయన పాదాల దగ్గర మొదలైంది.