పసుపు ఎవరి సొత్తు?

పెళ్లింట తొలి శుభకార్యం పసుపు దంచడం. రోకలికి కంకణం కట్టి, ఐదుగురు ముత్తయిదువలు పాట పాడుతూ రోట్లో పసుపు కొమ్ములు దంచుతారు. ఆ పసుపే నలుగుగా పెళ్లికూతురి ఒంటికి చేరుతుంది. బంగారం కొనలేని ఇంట పసుపు కొమ్మే తాళి అవుతుంది. పసుపు క్రిములను చంపుతుందనీ, చర్మానికి మేలు చేస్తుందనీ, అందుకే పెద్దలు ఈ ఆచారం పెట్టారనీ నేటి చదువరుల వివరణ. ఔషధ గుణమే అసలు కారణమైతే, భర్తను కోల్పోయిన తల్లి కన్నకూతురికి నలుగు పెట్టకుండా తలుపు చాటున ఎందుకు నిలబడాలి? ఆమె చేయి తగిలితే పసుపు గుణం మారదు కదా!

ఈ ప్రశ్నకు జవాబు వైద్యంలో లేదు, కులంలో ఉన్నది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో అంబేద్కర్ కులానికి మూలం స్వకుల వివాహమేనని నిరూపించారు. ఆ కట్టు సడలకుండా ఉండేందుకే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం పుట్టాయని వివరించారు. పసుపు పళ్లెం దగ్గర వితంతువుకు గీసిన గీత ఆ కట్టుబాటుకు ఇంటిలోపలి కాపలా. అదే పెళ్లిలో కుమ్మరి ఐరేని కుండలు తెస్తాడు, మంగలి గోళ్లు తీస్తాడు, చాకలి మడతలు పరుస్తాడు. వారి శ్రమ మంగళకరమే, వారి అక్షింతలు మాత్రం వరుసలో చివరివి. వితంతువును, సేవక కులాలను దూరం పెట్టేది ఒకే శుద్ధి భావన.

ఇప్పుడు మేడారం వైపు చూద్దాం. ఒకనాటి వరంగల్, నేటి ములుగు జిల్లాలోని ఈ అడవి పల్లెలో రెండేళ్లకోసారి మాఘమాసాన సమ్మక్క-సారలమ్మ జాతర జరుగుతుంది. కరవులో పన్ను కట్టలేమన్న కోయలపై కాకతీయ సైన్యం దండెత్తిందని గాథ. ఆ పోరులో భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు. ఆ తరువాతే సమ్మక్క కత్తి దూసింది. గాయపడి చిలకలగుట్టలో అదృశ్యమైంది. వెదికిన వారికి కుంకుమ భరిణె దొరికింది.

భర్త పోయిన స్త్రీకి సమాజం మొదట నిరాకరించేది పసుపు కుంకుమలనే. కోయలు మాత్రం ఆమెను కుంకుమ భరిణె రూపంలోనే కొలుస్తున్నారు. కోయ పూజారి ఆ భరిణెను గుట్ట దింపి తెస్తుంటే జిల్లా పోలీసు అధికారి గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం పలుకుతాడు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును పెళ్లికొడుకుగా అలంకరించి తెస్తారు. విగ్రహం లేదు, బ్రాహ్మణ పురోహితుడు లేడు. గద్దెల మీద పసుపు కుంకుమలు, ‘బంగారం’ పేరిట బెల్లం, ఇవే మొక్కులు.

‘ఆమె దేవత, ఆమెకు వైధవ్యం ఏమిటి?’ అని కొందరు అనవచ్చు. దేవత కాకముందు ఆమె యుద్ధంలో అందరినీ పోగొట్టుకున్న మనిషి. ఆ దుఃఖాన్ని కోయలు అశుభంగా చూడలేదు. గద్దెకు పసుపు పూసి వచ్చిన మనమే ఇంటి పెళ్లిలో తల్లిని పక్కకు జరగమంటున్నాం. జాతర దానంతట అదే ఈ ఆచారాన్ని మార్చదు. రేపటి పెళ్లిలో ఆ తల్లి చేతికి మొదటి పసుపు గిన్నె అందించాల్సింది పెళ్లికూతురూ, ఆమె తోడబుట్టినవారే.