నాట్యపుటీగలు: వాని గుర్తులు

సాయంకాలమున కాలువ నీటిపై సన్నని పురుగులు గుంపుకూడి పైకిని క్రిందికిని ఆడుచుండుట రైతు లెల్లరు నెఱిగినదే. వానిని దోమలని యెంచి పొగవేయుట, పైరుమీద కనబడినచో మందు చల్లుట మనకు వాడుక. ఆడు పురుగులన్నియు నొక జాతివి కావు. మన కాలువలపై నాడునవి తఱచుగా కుట్టని దోమపోలిక పురుగులు. మఱికొన్ని యితర పురుగులను పట్టి తినునవి. వీని భేద మెఱిగినచో మందుపై పెట్టు వ్యయము కొంత మిగులును. కావున తినెడు జాతులలో నాట్యపుటీగలను గూర్చి యీ మాసమున వ్రాయుచున్నాము.

లోకమున వీనిలో 3000కు పైబడి జాతులు కలవు. చల్లని దేశములందును కొండప్రాంతములందును ఇవి హెచ్చు. మన దేశపు జాతులను బ్రునెటి దొర 1920లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. తల చిన్నది, గుండ్రనిది, వీపు ఎద్దు మూపురమువలె ఉబ్బియుండును, కాళ్లు పొడవు. దోమ తొండము ముందునకు సాగియుండగా వీని తొండము సామాన్యముగా క్రిందికి వ్రేలాడును. దోమ మీసములు పొడవు, వీనివి పొట్టి. ఇవి మనుష్యులను గాని పశువులను గాని కుట్టవు. పిల్లపురుగులు తడినేలలోను కుళ్లిన యాకులలోను ఉండి చిన్న పురుగులను తినును.

ఇక వీనిలో వీనికి గల భేదములు. ఎంపిస్ అను తెగకు తొండము మిక్కిలి పొడవు, పూలతేనెకును వచ్చును. దీని రెక్కలోని యొక యీనె కొనయందు రెండుగా చీలియుండును. రాంఫోమియా తెగలో ఆ యీనె సామాన్యముగా చీలదు. ఇంతటి చిన్న గుర్తుకు భూతద్దము కావలెను. హిలారా తెగ మగవానిని గుర్తించుట మాత్రము సులభము: ముందుకాలి యడుగుభాగము గుమ్మటమువలె ఉబ్బియుండును. అందుండి పట్టుదారము వచ్చును. మగది వేటాడిన పురుగును ఆ దారముతో చుట్టి ఆడుదానికి కట్నముగా నిచ్చును. ఆల్ప్సు కొండలలోని హిలారా సార్టర్ అను జాతి మగది ఏమియు లేని వట్టి పట్టుపొట్లమునే యిచ్చును! మన సంతలో నిట్టి బేరము చెల్లదు.

ఉత్తర అమెరికా తూర్పుభాగమందలి రాంఫోమియా లాంగికాడా జాతిలో మోసము ఆడుదానిది. గుంపుకూడి ఆడునవి ఆడువే. వేటాడవు, ఆహారము మగవాడు తేవలెను. ఆడుది గాలి మ్రింగి పొట్ట ఉబ్బించుకొని, కుచ్చులు గల కాళ్లను ప్రక్కలకు చేర్చి, గ్రుడ్లతో నిండినట్లు కనబడును. ఫంక్, టాలమీ అను పండితులు 2000లో దీనిని వివరించిరి.

పొలమున నిట్టి మూపురపు ఈగ కనబడినచో, మందు చల్లుటకు ముందు రెండు మూడింటిని చిన్న సీసాలో స్పిరిటు పోసి వేసి, ఊరు, తేదీ, పైరు పేరు వ్రాసి వ్యవసాయాధికారికి చూపవలెను. కాగితములో చుట్టి పంపరాదు. కాళ్లు విఱిగినచో జాతిని పోల్చుట కష్టము.